‘ఖాళి దానిమీద కక్షయేల’: టీకా, తాత్పర్యం, విశేషాలు

అవతారిక

ఇంట్లో వాడుకునే డీవీడీ రికార్డరు ఖాళీ డిస్కును మింగి, కాసేపు నెమరువేసి, పనికి రాదంటూ బయటికి తోసెయ్యడం ఈ పద్యానికి విషయం. టేపుకు బదులు డిస్కు మీద రాసుకునే ఈ యంత్రం మొదట జపాన్‌లో బజారుకెక్కింది. పయనీర్ సంస్థ 1999 డిసెంబరులో అమ్మకానికి పెట్టిన రికార్డరును ఈ వంశానికి మూలపురుషుడిగా లెక్కిస్తారు. తరువాతి పదేళ్ళలో దాని సంతతి తెలుగు ఇళ్ళ టీవీ బల్లల మీదికీ చేరింది. అక్కడ దానికి దొరికిన పుణ్యకార్యం పెళ్ళి కేసెట్లకు పునర్జన్మ ఇవ్వడం: వీహెచ్ఎస్ టేపుకు బూజు పట్టకముందే దాన్ని డిస్కుకు ఎక్కించి, ఒక ప్రతి ఇంట్లో దాచి, ఇంకొకటి అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపడం. ఆ సంకల్పం చెప్పుకుని, కొత్త డిస్కు తెచ్చి, కేసెట్టును మొదటికి తిప్పి పెట్టుకున్న గృహస్థు ఈ పద్యంలో వక్త. శ్రోత రికార్డరు. అది బదులు పలకదు కనుక జవాబు చెప్పే భారం వ్యాఖ్యాత నెత్తిన పడింది.

మూలం

ఆ. క్రొత్త డిస్కు పెట్ట గుటగుటమని తిప్పి
పనికి రాదటంచు బయట నెట్టు
పాత బొమ్మ డిస్కు పాడును చక్కగా
ఖాళి దానిమీద కక్షయేల?

అన్వయం

ముందు అన్వయం కుదరాలి, ఆ తరువాతే అర్థం. ఇది మెదక్ సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి వేసిన బాట. ఇక్కడ మొదటి చిక్కు కర్త కనిపించకపోవడం. నాలుగు పాదాల్లో ‘రికార్డరు’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. తిప్పేది, తోసేది, కక్ష కట్టేది ఎవరో అధ్యాహారం చేసుకోవాలి. కోపంలో ఉన్నవాడు శత్రువు పేరెత్తడు కనుక ఇది దోషం కాదు, ఔచిత్యమే. రెండో చిక్కు: ‘పెట్ట’ అన్న క్రియకు కర్త గృహస్థు, ‘తిప్పి’కి కర్త యంత్రం. డిస్కు చేతులు మారిన చోటనే కర్త కూడా మారాడు. మూడోది ‘పాడును’. పాడేది డిస్కా, యంత్రమా? ఒకటి లేకుండా రెండోది పాడలేదు కనుక జంటకు కలిపి చెప్పుకోవాలి. పాడైపోతుంది అన్న అర్థం ఇక్కడ తీయరాదు. దానికి ఇంకా వేళ కాలేదు.

ప్రతిపదార్థం

క్రొత్త డిస్కు = ఇంకా ఏమీ రాయని డిస్కును; పెట్టన్ = ట్రేలో ఉంచగా; గుటగుటమని = గుటకలు వేసినట్టు చప్పుడు చేస్తూ; తిప్పి = లోపల తిప్పి చూసి; పనికి రాదు అటంచు = ఇది పనికి రాదని చెబుతూ; బయటన్ నెట్టు = వెలికి తోస్తుంది; పాత బొమ్మ డిస్కు = ఇంట్లో ముందునుంచీ ఉన్న సినిమా డిస్కు అయితే; చక్కగా పాడును = ఏ ఆటంకమూ లేకుండా ఆడుతుంది; ఖాళి దానిమీదన్ = ఏమీ లేని డిస్కు మీద మాత్రం; కక్ష ఏల = పగ ఎందుకు?

‘బొమ్మ’ అంటే సినిమా అన్నది సినిమా హాలు భాష.

తాత్పర్యం

రాయని డిస్కు పెడితే రికార్డరు గుటకలు వేస్తూ తిప్పి చూసి వద్దని తోసేస్తోంది. అదే యంత్రం పాత సినిమా డిస్కును ఏ పేచీ పెట్టకుండా ఆడిస్తోంది. నిండుదాని మీద ప్రేమ, ఖాళీదాని మీద పగ ఎందుకని ప్రశ్న. కరెంటు ఉంది, తీగలు ఉన్నాయి, డిస్కు ఉంది, కేసెట్టు ఉంది. రాత మాత్రం పడటం లేదు. కారణాలన్నీ ఉండి కూడా కార్యం పుట్టకపోతే ఆలంకారికుల లెక్కలో అది విశేషోక్తి. ఆ పేరు ఈ పద్యానికి నిలుస్తుందో లేదో వ్యాఖ్య పూర్తయ్యాక తేలుతుంది.

‘క్రొత్త డిస్కు’

ఈ విశేషణం అమాయకంగా కనిపిస్తుంది గాని మూడు అర్థాలు మోస్తోంది. అంగట్లో కొత్తగా కొన్నది అని ఒకటి. ఇంతవరకు ఏమీ రాయనిది అని రెండోది. రికార్డరు పుట్టిన తరువాత పుట్టినది అని మూడోది. గృహస్థు మొదటి అర్థం దగ్గరే ఆగిపోతాడు. తిరస్కారాల్లో చాలావాటికి బీజం మూడోదానిలో ఉంటుంది.

విశేష్యం కూడా తక్కువది కాదు. ‘డిస్కు’ సామాన్య నామం. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్రతి బిళ్ళా కంటికి ఒకటే. వాటిలో 700 మెగాబైట్ల సీడీ-ఆర్ ఉంది, 4.7 గిగాబైట్ల డీవీడీ ఉంది, రెండు పొరల 8.5 గిగాబైట్ల డీవీడీ ఉంది. డీవీడీ రికార్డరు సీడీని పాడిస్తుంది కాని దాని మీద వీడియో రాయదు. డీవీడీ కొందామని వెళ్ళి సీడీ-ఆర్‌ల డబ్బా తెచ్చిన ఇళ్ళు లేకపోలేదు. అక్కడ యంత్రం చెప్పిందే న్యాయం. డిస్కును తలకిందులుగా పెట్టడమూ ఉంది. రాసే వైపు ఊదా రంగో నీలి రంగో లీలగా కనిపిస్తుంది, అది కిందికి ఉండాలి. పైన తెల్లగా, ప్రింటర్‌లో బొమ్మ వేసుకోవడానికి వీలుగా ఉన్న డిస్కుల్లో ఏది ముఖం, ఏది వీపు అన్న సందేహం పెద్దవాళ్ళకే వస్తుంది.

డీవీడీల్లో మళ్ళీ శాఖాభేదం. పయనీర్ 1997లో తెచ్చిన డీవీడీ-ఆర్ ఒక శాఖ. ఫిలిప్స్, సోనీ మొదలైన సంస్థలు కూటమి కట్టి వేరు కుంపటి పెట్టి, 2002లో తెచ్చిన డీవీడీ+ఆర్ ఇంకో శాఖ. లోకం ‘మైనస్ ఆర్’ అని పిలుస్తున్న మొదటిదానిలో ఉన్నది తీసివేత గుర్తు కాదు, సమాసంలో రెండు పదాల మధ్య పెట్టే అడ్డగీత. రెండో కూటమి ప్లస్ గుర్తు పెట్టుకున్న దగ్గర్నుంచి ఆ అడ్డగీత లోకువైపోయింది. ఎదుటివాడి పేరు ముట్టుకోకుండానే దాన్ని మైనస్‌గా మార్చిన ఆ ప్లస్‌ను శబ్దశక్తిమూల ధ్వనికి లక్ష్యంగా చూపవచ్చు. వీటికి తోడు చెరిపి మళ్ళీ రాసుకునే ఆర్‌డబ్ల్యూలు రెండు శాఖల్లోనూ ఉన్నాయి. డీవీడీ-రామ్ వేరే గోడ కట్టుకుని కూర్చుంది. తొలినాటి రికార్డర్లు వీటిలో ఏదో ఒక పక్షమే పట్టేవి. ట్రే మూత మీద అచ్చయిన గుర్తులు అలంకారం కోసం కాదు, అవి ఆ యంత్రం చేసిన ప్రతిజ్ఞలు.

ఇక మూడో అర్థం, అంటే వయసు. టీవీ కార్యక్రమం రాసేటప్పుడు డిస్కు మామూలుగా ఆడే వేగం, అంటే 1ఎక్స్, దాదాపు సరిపోతుంది. అది సెకనుకు సుమారు 1.38 మెగాబైట్లు. బజారులో దొరికేది 16ఎక్స్ డిస్కు. ఎడ్లబండికి విమానం చక్రం బిగించినట్టు ఉంటుంది వ్యవహారం. అంత వేగంలో కాలడానికి వీలుగా దాని రంగుపూత తయారై ఉంటుంది. దాన్ని మెల్లగా రాస్తే ఎంత వేడి పెట్టాలో ముందుగా తెలియని రికార్డరు ముట్టుకోవడానికి జంకుతుంది. ఆర్‌డబ్ల్యూల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది: 8ఎక్స్ డీవీడీ+ఆర్‌డబ్ల్యూ డిస్కు 4ఎక్స్ కాలం నాటి యంత్రానికి బొత్తిగా సరిపడదు. ఎక్కువ వేగం అంటే మేలిరకం అనుకుని రెండు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నవాడికి ఇదే ఫలం.

‘గుటగుటమని తిప్పి’

కొన్ని ప్రతుల్లో ‘గిరగిరమని’ అన్న పాఠం ఉన్నదని చెబుతారు. తిరిగే వస్తువుకు గిరగిర సహజమే. కాని ‘క్రొ’కు ‘గి’తో యతి చెల్లదు, ‘గు’తో చెల్లుతుంది. అర్థం దృష్ట్యా కూడా ‘గుటగుట’ మెరుగు. ఆ చప్పుడు తిరగడం వల్ల వచ్చేది కాదు, తడుముకోవడం వల్ల వచ్చేది.

ట్రే మూసుకున్నాక లోపల జరిగే తతంగం ఇది. డిస్కు కింద చిన్న కంటి వంటి లెన్సు ఉంటుంది. అది పైకీ కిందికీ కదులుతూ మెరిసే పొర ఎంత లోతున ఉందో వెతుకుతుంది. సీడీలో ఆ పొర దాదాపు 1.2 మిల్లీమీటర్ల లోతున, పేరు అచ్చయిన వైపుకు ఆనుకుని ఉంటుంది. డీవీడీని 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి చేస్తారు, పొర వాటి నడుమ ఉంటుంది. లోతును బట్టి యంత్రం జాతిని పోల్చుకుంటుంది. సీడీ అయితే 780 నానోమీటర్ల లేజరు, డీవీడీ అయితే 650 నానోమీటర్ల ఎర్ర లేజరు వెలగాలి. ఒకే కంటికి రెండు దీపాలు. ఈ మాట గుర్తుంచుకోవాలి, మూడో పాదంలో దీనితో పని పడుతుంది.

తరువాత తిరిగి వచ్చిన వెలుతురు ఎంతో కొలుస్తుంది. ఒక పొర ఉన్న సినిమా డీవీడీ గాని డీవీడీ-ఆర్ గాని పడిన వెలుతురులో నూటికి 45 నుంచి 85 పాళ్ళు తిప్పి పంపాలని ప్రమాణం. ఆర్‌డబ్ల్యూ పంపేది 18 నుంచి 30 పాళ్ళే. లెన్సు మీద సన్నని పొగపొర ఉంటే నిండు వెలుతురు ఇచ్చే డిస్కు ఎలాగో గట్టెక్కుతుంది, మందకొడిది మునిగిపోతుంది. టీవీ బల్ల దేవుడి అలమారుకు పక్కనే ఉన్న ఇళ్ళలో అగరొత్తుల పొగ, వంటింటికి ఎదురుగా ఉన్న ఇళ్ళలో తాలింపు ఆవిరి ఈ కంటికి కాటుక పెడతాయి.

గుటకలు నాలుగైదు వేసి ఆగితే లెన్సుకు లోతు దొరికిందని అర్థం. అరనిమిషం దాటినా అదే చప్పుడు వస్తుంటే కంటికి పొర ఆనడం లేదు. డిస్కు తిరగనే తిరగకపోతే మోటారు దోషం, అది వేరే అధ్యాయం. చెవి పెట్టి వినడం వల్ల ఇన్ని తెలుస్తాయి కనుకనే కవి ఇక్కడ ధ్వన్యనుకరణం వాడాడు.

‘పనికి రాదటంచు’

పద్యంలో యంత్రం మాట్లాడిన మాట ఇదొక్కటే, అదీ కవి నోట పడి వచ్చింది. యంత్రం అసలు ఏమన్నదో తెర మీద చూడాలి. రికార్డర్ల తెర మీద కనిపించే తిరస్కారాలు మూడు తెగలు. ‘ఈ డిస్కును చదవలేను’ అన్నది ఒకటి. ‘దీని మీద రాయలేను’ అన్నది మరొకటి. ‘దీన్ని రాయకూడదు’ అన్నది మూడోది. గృహస్థు చెవికి మూడూ ‘పనికి రాదు’ అనే వినిపిస్తాయి. వ్యాకరణం మాత్రం వేరు చేస్తుంది. ‘లేను’ అశక్తిని చెబుతుంది, ‘కూడదు’ నిషేధాన్ని చెబుతుంది. అశక్తి డిస్కుకో యంత్రానికో సంబంధించినది. నిషేధం ఎక్కించబోయే బొమ్మకు సంబంధించినది.

కంపెనీలు అచ్చువేసి అమ్మిన సినిమా కేసెట్లలో చాలావాటికి నకలు తీయకుండా మాక్రోవిజన్ అనే కట్టుదిట్టం ఉండేది. అటువంటి కేసెట్టు నుంచి వచ్చే సంకేతాన్ని పసిగట్టి రికార్డరు కలం కింద పెట్టేస్తుంది. జపాన్‌లో డిజిటల్ ప్రసారాలను రాయడానికి సీపీఆర్ఎం ముద్ర ఉన్న డిస్కు, దానికి వీఆర్ అనే పద్ధతి రెండూ కావాలి. మామూలు డిస్కు పెడితే ఒప్పుకోదు. ఈ సందర్భాల్లో ఎన్ని డిస్కులు మార్చినా ప్రయోజనం ఉండదు. పెళ్ళి కేసెట్టుకు ఇటువంటి కాపలా ఎవరూ పెట్టరు కనుక ఈ పద్యంలోని సందర్భానికి మూడో తెగ వర్తించదు.

ఇక్కడ ఒక పూర్వపక్షం. ‘డిస్కు అమెరికా నుంచి వచ్చింది, యంత్రం ఇండియాది, రీజియన్ కుదరక తోసేస్తోంది’ అంటారు కొందరు. సినిమా డీవీడీలకు ప్రాంతాల సంఖ్య ఉన్న మాట నిజం. అమెరికాది 1, భారతదేశానిది 5. అది సినిమా అమ్మేవాడు డిస్కులో రాసే అంకె. ఏమీ రాయని డిస్కుకు ఊరూ లేదు, పేటా లేదు. పాల్, ఎన్టీఎస్సీ అనే టీవీ సంకేత పద్ధతుల తేడా కూడా ఖాళీ డిస్కుది కాదు. అది కేసెట్టుది, యంత్రానిది. అమెరికాలో కొన్న రికార్డరుకు ఇక్కడి పాల్ కేసెట్టు అందిస్తే అది బొమ్మను కాదంటుంది కాని డిస్కును కాదనదు. కనుక పూర్వపక్షం వీగిపోయింది.

‘బయట నెట్టు’: ట్రే దానంతట అదే తెరుచుకోవడం. కొన్ని యంత్రాలు నెట్టవు, తెర మీద మాట రాసి మౌనంగా ఉంటాయి. ఫలం ఒకటే.

‘పాత బొమ్మ డిస్కు పాడును చక్కగా’

గృహస్థు వాదన అంతా ఈ పాదం మీద నిలబడింది. సినిమా డిస్కు ఆడుతోంది గనుక యంత్రం ఆరోగ్యంగా ఉందని, కాబట్టి ఖాళీ డిస్కును తోసెయ్యడం పక్షపాతమని అతని తర్కం. ఈ హేతువులో రెండు దోషాలున్నాయి.

మొదటిది ‘బొమ్మ డిస్కు’ ఏదో చెప్పకపోవడం. తెలుగు ఇళ్ళలో పాత సినిమా డిస్కుల దొంతర తీస్తే అందులో డీవీడీలూ ఉంటాయి, వీసీడీలూ ఉంటాయి. మోజర్ బేర్ సంస్థ 2007లో సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టాక రెండూ పక్కపక్కనే చేరాయి. వీసీడీ పేరుకు వీడియో, జాతికి సీడీ. అది ఆడటానికి 780 నానోమీటర్ల దీపం వెలిగితే చాలు. 650 దీపం పూర్తిగా ఆరిపోయిన రికార్డరు కూడా వీసీడీని చక్కగా పాడిస్తుంది. గృహస్థు పెట్టినది వీసీడీ అయితే ఈ పాదం ఏమీ నిరూపించదు. అట్ట మీద గుర్తు చూసి డీవీడీయే పెట్టి పరీక్షించాలి. ఈ ఒక్క పనీ చెయ్యక మెకానిక్కు ఇంటికి రెండుసార్లు తిరిగినవాళ్ళు ఉన్నారు.

రెండోది మరింత సూక్ష్మమైనది. పెట్టినది డీవీడీయే అనుకున్నా, చదవడం వేరు, రాయడం వేరు. సినిమా డిస్కును కర్మాగారంలో అచ్చు గుద్దుతారు. దాని గుంటలు లోతుగా, తేటగా ఉంటాయి, వెనక మెరుగుపొర నిండుగా ఉంటుంది. దాన్ని చదవడానికి సుమారు ఒక మిల్లీవాట్ వెలుతురు సరిపోతుంది. రాయాలంటే రంగుపూతను మచ్చ పడేటంత వేడి చెయ్యాలి. దానికి తక్కువ వేగంలోనే పదింతల వరకు బలం కావాలి, వేగం పెరిగితే ఇంకా కావాలి. లేజరు దీపం వయసుతో మసకబారుతుంది. ముసలితనంలో పేపరు చదవగలిగిన తాతగారు బావిలోంచి నీళ్ళు తోడలేరు. రామాయణం చదువుతున్నారు కదా, తోడడానికి ఏమొచ్చింది అని ఏ కోడలూ అడగదు. గృహస్థు అడుగుతున్నది అదే.

‘ఖాళి దానిమీద’

ఖాళీ అన్నది అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడింది. పద్యంలో ‘ళీ’ పొట్టిగా మారడం ఛందస్సు కోసం. అర్థం దగ్గర మాత్రం వ్యాఖ్యాత కవితో విభేదించక తప్పదు. ఖాళీ డిస్కు ఖాళీ కాదు.

దాని మీద కర్మాగారంలోనే సన్నని గాడి ఒకటి చుట్టచుట్టగా వేసి ఉంటుంది. గ్రామఫోను రికార్డుకు భిన్నంగా ఇది లోపల మొదలై అంచు వైపు పోతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో సుమారు వంద చుట్లు పడతాయి. గాడి తిన్నగా ఉండదు, అటూ ఇటూ అల్లల్లాడుతూ పోతుంది. ఆ అలే యంత్రానికి వేగం చెప్పే తాళం. డీవీడీ-ఆర్‌లో 1ఎక్స్ దగ్గర ఆ తాళం సెకనుకు ఒక లక్షా నలభై వేల పైచిలుకు సార్లు వినిపిస్తుంది, చిరునామాలు గాళ్ళ నడుమ గట్ల మీద చిన్న గుంటలుగా ఉంటాయి. డీవీడీ+ఆర్‌లో తాళం ఎనిమిది లక్షలు దాటుతుంది, చిరునామా ఆ అలలోనే ఇమిడి ఉంటుంది. సినిమా డిస్కులో అక్షరాలు ఉన్నాయి, చదువుకుంటూ పోవచ్చు. ఖాళీ డిస్కులో అక్షరం లేదు, గీతలు మాత్రమే ఉన్నాయి. చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు ఈ సన్నని అలను పట్టుకుని పోవాలి. ఖాళీదాన్ని చదవడం నిండుదాన్ని చదవడం కంటే కష్టం అన్నది ఈ పద్యం మొత్తానికి కీలకం, కవికి తట్టనిది.

ఆ గాడిలో చిరునామాలతోపాటు డిస్కు ప్రవర కూడా ఉంటుంది. ట్రే మూసుకోగానే రికార్డరు పెళ్ళిచూపుల పెద్దలా మొదట అడిగేది గోత్రమే. మిత్సుబిషి కెమికల్ డిస్కులు ‘ఎంసీసీ’ అని, జపాన్‌కు చెందిన తైయో యూడెన్‌ డీవీడీ-ఆర్‌లు ‘టీవైజీ’ అని, నోయిడాలోని మోజర్ బేర్‌వి ‘ఎంబీఐ’ అని మొదలయ్యే సంకేతాలు చెబుతాయి. ఆ గోత్రానికి ఏ పాటి వేడి, ఏ లయలో పెట్టాలో రికార్డరు ఫర్మ్‌వేర్‌లో ఒక పట్టిక ఉంటుంది. పట్టికలో ఉంటే సంబంధం ఖాయం. లేకపోతే కొన్ని యంత్రాలు లోకాచారం ప్రకారం ఏదో ఒక కొలత పెట్టి కానిస్తాయి, కొన్ని తెలియని సంబంధం వద్దని ట్రే తెరుస్తాయి.

డబ్బా మీద అచ్చయినది ఇంటిపేరు, గాడిలో ఉన్నది గోత్రం. రెంటికీ పొంతన ఉండాలని లేదు. ఒకే పేరుతో అమ్మే డబ్బాలు వేర్వేరు కర్మాగారాల్లో తయారవుతాయి. అందుకే ‘పోయినసారి కొన్న కంపెనీయే, అప్పుడు ఒప్పుకుంది, ఇప్పుడు ఒప్పుకోవడం లేదు’ అన్న మాటలో అబద్ధమేమీ లేదు. దీనికి తోడు పేరున్నవాళ్ళ గోత్రం దొంగిలించి గాడిలో చెక్కిన నకిలీ డిస్కులు ఉన్నాయి. యంత్రం ఆ గోత్రానికి తగిన వేడి పెడుతుంది, పూత దానికి తగినట్టు స్పందించదు, రాత మధ్యలో తప్పుతుంది. పేరున్న కర్మాగారాలు కూడా శాశ్వతం కావు: తైయో యూడెన్ 2015తో డిస్కుల తయారీ మానుకుంది, మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది.

డబ్బాలో దాచినవి కూడా ఎల్లకాలం కొత్తవిగా ఉండవు. రంగుపూత ఎండకు, వేడికి వెలిసిపోతుంది. రెంటచింతల ఎండాకాలాలు నాలుగు చూసిన డిస్కు ముట్టుకోకపోయినా వయసు మీరినదే.

‘కక్షయేల’

‘కక్ష్యయేల’ అన్న పాఠాంతరం ఉంది. కక్ష్య అంటే తిరుగుదారి. డిస్కు తిరుగుతుంది కనుక పొసగుతుందని దాని పక్షం. ‘ఖాళీదాని మీద తిరుగుదారి ఎందుకు’ అన్న అర్థం పద్యంలో ఎవరికీ పనికిరాదు కనుక దాన్ని వదిలెయ్యవచ్చు. కక్ష అంటే పగ. జడపదార్థానికి పగ ఆరోపించడం కవుల హక్కు, దాన్ని తర్కించడం వ్యాఖ్యాత విధి. పగ ఎవరి మీదో తేలాలంటే దోషం డిస్కుదో యంత్రానిదో విడదీయాలి. దానికి ప్రయోగ విధి ఇలా ఉంటుంది.

మొదట యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఏ శాఖ డిస్కులు, ఏ వేగం వరకు ఒప్పుకుంటుందో చూడాలి. ఆ పుస్తకం టీవీ బల్ల సొరుగులో అట్ట విప్పకుండా ఉంటుంది. తరువాత ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగాలి. కేబుల్ పెట్టె మీద, దాని మీద ఇంకేదో పెట్టి ఊపిరాడకుండా చేసిన రికార్డరు చల్లబడ్డాక దానంతట అదే దారికి రావడం ఉంది. ఆర్‌డబ్ల్యూ డిస్కును ముందు కంప్యూటరులో వాడి ఉంటే రికార్డరు మెనూలోకి వెళ్ళి చెరిపి మళ్ళీ ఫార్మాట్ చెయ్యాలి. డిస్కు మీద వేలిముద్రలు ఉంటే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత గాడి వెంబడి పడుతుంది, అది అడ్డుగీత కంటే చేటు.

ఆ పైన అసలు పరీక్ష. వేరే గోత్రం డిస్కు, వీలైతే తక్కువ వేగానిది, ఒకటి పెట్టాలి. డబ్బా కొననక్కర్లేదు, చుట్టుపక్కల ఇళ్ళలో అడిగితే ఒకటి దొరుకుతుంది. అది పనిచేస్తే దోషం మొదటి డిస్కుది. కక్ష అన్న మాట వెనక్కు తీసుకోవాలి. మూడు గోత్రాలు వరసగా తిరస్కారం పొందితే దోషం యంత్రానిది. అప్పుడు అదే యంత్రం లోగడ తాను రాసిన డిస్కును పెట్టి చూడాలి. అచ్చు సినిమా డీవీడీ ఆడి, తన రాతను తానే చదవలేకపోతే కన్ను మసకబారింది. తన రాత చదివి, కొత్తది మాత్రం రాయలేకపోతే చెయ్యి పడిపోయింది, అంటే రాసే బలం తగ్గింది. రాత మొదలుపెట్టే ముందు రికార్డరు డిస్కు లోపలి అంచున ప్రత్యేకించిన చోట నాలుగు మచ్చలు వేసి, ఎంత బలం సరిపోతుందో చూసుకుంటుంది. బలం ఎంత పెంచినా మచ్చ సరిగా పడకపోతే డిస్కునే తప్పుపడుతుంది. తెర మీద ‘డిస్కును సరిచూడుము’ అని వచ్చేది ఇటువంటప్పుడే. యంత్రాలకు ఆత్మవిమర్శ నేర్పలేదు.

కన్ను మసకబారిన కేసులో చిన్న కుంచెలున్న లెన్సు తుడిచే డిస్కును ఒకసారి ఆడించవచ్చు. నోటితో ఊదరాదు. దానితో కుదరకపోతే మెకానిక్కు మూత విప్పి లెన్సు తుడుస్తాడు. గోత్రం తెలియక తోసేస్తున్న యంత్రానికి తయారీ సంస్థ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి ఉంటే ఎక్కించాలి. దాన్ని కొన్ని సంస్థలు సీడీ-ఆర్ మీద రాసి ట్రేలో పెట్టమనేవి. డిస్కులు వద్దన్న యంత్రానికి మందు కూడా డిస్కులోనే వెళ్ళింది. చెయ్యి పడిపోతే డ్రైవు మార్చడమే దారి. కంప్యూటరు డ్రైవు పైకి అలాగే కనిపించినా దాన్ని చాలా రికార్డర్లు గుర్తించవు, అదే మోడలుది వెతకాలి. అది దొరకనప్పుడు రికార్డరు ఇకపై ప్లేయరుగా ఉంటుంది. లోపల హార్డ్ డిస్కు ఉన్న రకమైతే కేసెట్టును అందులోకి ఎక్కించుకోవచ్చు. ఆ హార్డ్ డిస్కు నుంచి అమెరికా అమ్మాయికి ఎలా పంపాలన్నది ఈ పద్యం పరిధిలో లేదు.

అలంకార నిర్ణయం

విశేషోక్తి కావాలంటే కారణాలన్నీ సమగ్రంగా ఉండాలి. గృహస్థు ఇంట్లో మూడు గోత్రాల డిస్కులు తిరిగి వచ్చాయి. పెట్టిన బొమ్మ డిస్కు వీసీడీ అని తేలింది. ఆ తరువాత పెట్టిన సినిమా డీవీడీ కూడా గుటకల దగ్గరే ఆగింది. 650 నానోమీటర్ల లేజరు అనే కారణం లోపించింది కనుక ఈ పద్యంలో విశేషోక్తి లేదు.